మా వాడు గురక పెట్టడయ్యా

పోయిన వారం ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "డాక్టర్ గారూ, పార్టీలో ఫ్రెండ్ ఎక్కువ తాగి పడిపోతే రూమ్‌కి తీసుకెళ్లి పడుకోబెడితే సరిపోతుంది కదా? పొద్దున్నకి దిగిపోతుంది కదా?" అని. అందులో రెండు 'కదా'లు ఉన్నాయి చూశారా, వాటిని చూస్తేనే నాకు భయమేసింది. ఒకప్పుడు నేనూ ఇలాగే అనుకున్నా. అదీ మెళ్లో స్టెతస్కోప్ వేసుకుని.

హౌస్ సర్జన్‌గా ఉన్న రోజులవి. రాత్రి పన్నెండుంపావుకి క్యాజువాలిటీకి ఇద్దరు కుర్రాళ్లు మూడోవాణ్ని మోసుకొచ్చారు. వెనకాలే వాళ్లమ్మ, కాళ్లకి చెప్పుల్లేవు. గుప్పుమని మందు వాసన. "దాబా దగ్గర బండి స్లిప్ అయింది సార్. పెద్ద దెబ్బేం కాదు, వెంటనే లేచి నవ్వాడు కూడా" అన్నారు. ఇంటి దగ్గర దింపి, మంచం మీద పడుకోబెట్టి వెళ్లిపోయారట. కాసేపటికి ఆవిడే ఫోన్ చేసి వెనక్కి పిలిపించింది.

"ఎందుకమ్మా తీసుకొచ్చారు?" అనడిగా. నిజం చెప్పాలంటే కాస్త విసుగ్గానే అడిగా.

"గురక పెడుతున్నాడయ్యా. మా వాడు గురక పెట్టడు" అంది.

విన్నా. కేస్‌షీట్‌లో మాత్రం రాయలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. స్పృహ ఎంతుందో కొలవడానికి మేం వాడేది గ్లాస్గో కోమా స్కేల్. గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు 1974లో తయారుచేశారు. అంతకుముందు ఒక డాక్టర్ 'మగత' అంటే ఇంకో డాక్టర్ 'సగం కోమా' అనేవాడు, ఎవరి మాట ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఇందులో చూసేవి మూడే. కళ్లు తెరుస్తున్నాడా అన్నదానికి 4 మార్కులు, మాట ఎలా ఉందన్నదానికి 5, చెప్పినట్టు చెయ్యి కాలు కదుపుతున్నాడా అన్నదానికి 6. మొత్తం 15. మీరిప్పుడు ఇది చదువుతున్నారంటే మీకు 15కి 15. కనీసం మార్కు సున్నా కాదు, 3. అంటే ఏమాత్రం చలనం లేకపోయినా 3 వస్తుంది. 8 లేదా అంతకంటే తగ్గితే ఆ మనిషి తన ఊపిరిదారిని తాను కాపాడుకోలేడని లెక్క. సాధారణంగా గొంతులోకి ట్యూబ్ వేయడానికి సిద్ధపడతాం. పిలిచినా పలక్కపోతే గోటి మీద పెన్నుతో గట్టిగా నొక్కి చూస్తాం. "పడుకున్నోణ్ని హింసిస్తారేంటి?" అని బంధువులు మా మీదికొస్తారు. హింస కాదండీ, నొప్పి తెలుస్తోందో లేదో మాకింకోలా తెలీదు.

ఆ రోజు ఆ కుర్రాడు పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరిచాడు, 3. ఏ ఊరంటే ఏదో పొంతన లేని మాట చెప్పాడు, 4. చెయ్యెత్తమంటే ఎత్తాడు, 6. మొత్తం 13. తాగినవాళ్లలో చాలామందికి అంతే ఉంటుంది. వేలికి పొడిచి షుగర్ చూశా, 104. అది మాత్రం సరిగ్గానే చేశా. ఖాళీ కడుపుతో తాగితే షుగర్ పడిపోయి, అచ్చం మత్తులాగే పడుండేవాళ్లుంటారు. ఆ తర్వాత సెలైన్ పెట్టించి, మూల మంచం మీదికి మార్పించి, "దిగేదాకా ఉండనివ్వండి" అని వేరే కేసులోకి వెళ్లిపోయా.

గంట తర్వాత సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "సార్, ఇందాక పిలిస్తే పలికాడు. ఇప్పుడు పలకట్లేదు."

మళ్లీ చూశా. గోరు నొక్కితేనే కళ్లు, 2. మూలుగు తప్ప మాట లేదు, 2. నొక్కిన చేతిని రెండో చేత్తో తోసేస్తున్నాడు, 5. మొత్తం 9. టార్చ్ వేస్తే కుడి కంటిపాప ఎడమదానికంటే పెద్దగా ఉంది, వెలుతురుకి ముడుచుకోవట్లేదు. నా ఒళ్లు చల్లబడింది.

అప్పుడు ఫ్రెండ్స్‌లో ఒకడు ఫోన్ తీసి వీడియో చూపించాడు. బండి పడ్డాక సరదాకి తీసింది. టైం 10:40. వాడు దుమ్ము దులుపుకుంటూ, "ఏం కాలేదురా, ఆపరా బాబూ" అని నవ్వుతున్నాడు. అంటే 10:40కి 15, పన్నెండుంపావుకి 13, ఒకటింపావుకి 9. గంటలు గడిచేకొద్దీ మత్తు దిగాలి కదా. ఇది ఎక్కుతోంది.

సీటీలో కనిపించింది. కణత దగ్గర పుర్రె ఎముక పల్చగా ఉంటుంది, దాని లోపలే ఓ రక్తనాళం పోతుంది. ఎముక చిట్లితే అది తెగి, పుర్రెకీ మెదడు పైపొరకీ మధ్య రక్తం చేరుతుంది. చేరేదాకా మనిషి మామూలుగానే నవ్వుతాడు, మాట్లాడతాడు. ఆ తర్వాత మెదడు నలుగుతుంది. తెల్లారేలోపు న్యూరోసర్జన్ ఆపరేషన్ చేసి గడ్డ తీసేశారు. బతికాడు.

కాబట్టి మెసేజ్ పెట్టిన తమ్ముడూ, సరిపోదు. పడుకోబెట్టి వెళ్లిపోవద్దు. పేరు పెట్టి పిలువు, భుజం తట్టు. లేపినా లేవకపోయినా, తలకి దెబ్బ తగిలి మత్తు పెరుగుతున్నా, కొత్తగా గురక మొదలైనా 108కి కొట్టు. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టు, వాంతయితే లోపలికి పోకుండా. బండి మీంచి పడ్డవాడైతే మెడ మెలిపడకుండా తలా ఒళ్లూ కలిపి తిప్పాలి. ఊపిరి సరిగ్గా లేదంటే 108 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు ఛాతీ నొక్కడం మొదలెట్టు. నిమ్మరసం, మజ్జిగ, నీళ్లు, ఏవీ నోట్లో పొయ్యొద్దు. ఉల్లిపాయ వాసన, చేతిలో తాళాలు, వాటితో టైం వేస్ట్. చివరిసారి సరిగ్గా మాట్లాడింది ఎన్నింటికో గుర్తుపెట్టుకో. వీడియో ఉంటే డిలీట్ చెయ్యకు.

రెండు నెలలకి తల్లీకొడుకులు రివ్యూకి వచ్చారు. కుట్ల మీద జుట్టు మొలిచింది. పేర్లు మర్చిపోతున్నాడట, ఫ్రెండ్స్ ఆటపట్టిస్తున్నారట. ఏం మాట్లాడాలో తెలీక, "ఇప్పుడు గురక లేదు కదమ్మా?" అన్నా.

"రోజూ రాత్రి రెండుసార్లు లేచి వింటున్నానయ్యా" అంది.