గిటారు పలికెడి పలక

కొన్ని యేండ్ల క్రిందట పాఠశాల సంగీత తరగతికొఱకు గిటారు కొనవలసివచ్చినప్పుడు, అంచులకు ముత్యపుచిప్పలు పొదిగి అద్దమువలె మెఱయుచున్న దానిని మేమే యేరి తెచ్చితిమి. వార్షికసభనాడు దాని ధ్వని మూడవ వరుస దాటలేదు. తప్పు వర్తకునిది కాదు, మాదే. ఇప్పుడు పలువురు తల్లిదండ్రులు పిల్లలకు గిటారు కొనుచు మమ్ము సలహా యడుగుచున్నారు గనుక, మా యభిప్రాయమును దాచక వ్రాయుచున్నాము: గిటారును దాని పైపలకనుబట్టి కొనవలెను.

సన్నని తీగె గాలిని చీల్చుకొని పోవునేగాని నెట్టజాలదు. వీణకు గుఱ్ఱమున్నట్లే గిటారు పలకమీదను ఒక చెక్క యుండును. తీగెల కంపము దానిగుండ పలకకు దిగును. పలక గాలిని నెట్టును. అప్పుడే స్వరము మన చెవి చేరును. కావున పలక పలుచగా నుండవలెను. కాని ఆఱు తీగెల లాగుడును, నైలాను తీగెలకైనను సుమారు 40 కిలోల బరువును, అదియే యోర్వవలెను. రెండున్నర మిల్లీమీటర్ల స్ప్రూసు చెక్క యింత భారము నెట్లు మోయును? లోపల అంటించిన సన్నని పుల్లల బలముచేతనే.

ఈ సంగతిని అందఱికంటె బాగుగ నెఱిగినవాడు స్పెయినుదేశపు అంతోనియో దె తొర్రెస్. 1817లో అల్మేరియా ప్రాంతమున పుట్టి, బాల్యముననే వడ్రంగము నేర్చెను. ఆయన కాలమునకు గిటారు చిన్నది. జంటతీగెలు పోయి ఆఱు ఒంటితీగెలు నిలిచి యెంతోకాలము కాలేదు. తొర్రెస్ పెట్టెను పెద్దదిచేసి, మోగెడి తీగె నిడివిని 650 మిల్లీమీటర్లకు కుదిర్చి, పలక క్రింద ఏడు పుల్లలను విసనకఱ్ఱవలె విప్పి పఱచెను. అట్టి పుల్లలను పూర్వులును వాడియుండిరి; వానిని నమ్మి పలకను పలుచన చేయుట ఆయన ధైర్యము.

1862లో ఆయన చేసిన పని మాకు మిక్కిలి ప్రియమైనది. పైపలకను మంచి చెక్కతో చేసి, వీపును ప్రక్కలను కాగితపు గుజ్జుతో చేసెను! మన యిండ్లలో పాతకాగితములను నానబెట్టి రుబ్బి చేటలకు పూయుదురే, ఇంచుమించు అట్టి సరకే. ధ్వనికి మూలము పలకయని చూపుటకే యీ ప్రయత్నము. ఆ గిటారు బార్సిలోనా సంగీత ప్రదర్శనశాలలో నున్నది. ఇంతటి పనివాడును 1870 ప్రాంతమున కొన్నియేండ్లు గిటారులు మాని పింగాణి దుకాణము పెట్టుకొనెను.

వీపుచెక్కకు విలువయే లేదని మేమనము. బ్రెజిల్ రోజువుడ్డు దొరకుట కష్టము కాగా, అమెరికాలోని మార్టిను కంపెనీవారు 1969లో మన దక్షిణదేశపు జిట్టేగి చెక్కకు మఱలిరి. మన యడవిచెట్టు దూరదేశములలో పాడుచున్నదని సంతోషింపవచ్చును. కాని ఆ చెక్క నునుపునకు మురిసి, ప్లైవుడ్డు పలకగల గిటారును హెచ్చు వెలకు కొనుట మాకు సమ్మతము కాదు. ఒంటిచెక్క పలకకు ధర యెక్కువ, నిజమే. అలంకారములు మానుకొన్నయెడల ఆ భేదము కొంత తగ్గును.

తల్లిదండ్రులారా, అంగడిలో పలక నడుమ నున్న రంధ్రపు టంచును చూడుడు. పైచాఱలు అంచుమీదుగ లోపలికి సాగినయెడల ఒంటిచెక్క. పొరలు కనబడినయెడల ప్లైవుడ్డు. రంగు పూసి అంచును కప్పియుండిన, వర్తకుని నిలదీసి యడుగుడు. సందేహము తీరనిచో శనివారము మధ్యాహ్నము మమ్ము పిలువుడు, కూడ వచ్చెదము.