‘ఎట్ ర్యాండమ్’ అనే రెండు మాటలు

ఒక సంచిలో 5 ఎర్ర బంతులు, 3 నల్ల బంతులు ఉన్నాయి. ఎట్ ర్యాండమ్‌గా రెండు తీస్తే రెండూ ఎర్రవే అయ్యే ప్రాబబిలిటీ ఎంత? ఈ లెక్క ఇంటర్ నుంచి మనల్ని వదల్లేదు. బీటెక్‌లో కూడా వచ్చి కూర్చుంది. ఎన్‌సీఆర్ ఫార్ములా రాసి, భాగించి, ఆన్సర్‌కి బాక్స్ కొట్టేస్తాం. కానీ ‘ఎట్ ర్యాండమ్’ అన్న రెండు మాటల్ని మాత్రం చదవకుండానే దాటేస్తాం. నా ఉద్దేశంలో ఆ లెక్క నిలబడేదే వాటి మీద.

ఫిషర్ 1935లో తన పుస్తకంలో రాసిన టీ లెక్క చూడండి. (మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.) కప్పులో ముందు పాలు పోశారా, డికాక్షన్ పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒకావిడ అంటుంది. ఆవిడకి 8 కప్పులు ఇస్తారు. నాలుగింట్లో ముందు పాలు, నాలుగింట్లో ముందు డికాక్షన్. 8లో 4 ఎంచుకోవడానికి 70 దారులు. గుడ్డిగా చెప్పి అన్నీ కరెక్ట్ అయ్యే ఛాన్స్ 70లో 1. నాలుగింట్లో కనీసం మూడు కరెక్ట్ అయ్యే ఛాన్స్ 70లో 17, అంటే దాదాపు 24 శాతం. కాబట్టి మూడు చెప్తే నమ్మక్కర్లేదు, నాలుగూ చెప్తే ఆలోచించాలి.

ఇంతవరకూ మనకి వచ్చిందే. కానీ కప్పులు కలపకుండా, పాలు ముందు పోసినవి నాలుగూ వరసగా ఇచ్చారనుకోండి. ఆవిడ ఆ వరస పట్టేస్తే చాలు, రుచితో పనే లేదు. అప్పుడు 70లో 1 అన్న అంకెకి అర్థమే ఉండదు. కప్పుల వరసని ర్యాండమ్‌గా కలిపితేనే ఆ అంకె వాడుకునే హక్కు మనకొస్తుంది.

టీ దగ్గర ఇది సరదాగానే ఉంటుంది. 1954లో అమెరికాలో సాల్క్ పోలియో టీకాని పరీక్షించినప్పుడు మాత్రం పిల్లల ప్రాణాల లెక్క. కొన్ని ప్రాంతాల్లో, తల్లిదండ్రులు ఒప్పుకున్న పిల్లల్నే ర్యాండమ్‌గా రెండు గుంపులు చేశారు. ఒక్కో గుంపులో సుమారు 2 లక్షల మంది. ఒక గుంపుకి టీకా, ఇంకో గుంపుకి మందు లేని ఇంజెక్షన్. ఎవరికి ఏదిచ్చారో పిల్లలకీ తెలీదు, డాక్టర్లకీ తెలీదు. లక్ష మందికి పోలియో కేసులు టీకా గుంపులో 28, రెండో గుంపులో 71.

అసలు విషయం మూడో అంకెలో ఉంది. తల్లిదండ్రులు ఒప్పుకోని పిల్లల్లో లక్షకి 46. వీళ్లకీ టీకా పడలేదు, ఆ 71 వాళ్లకీ పడలేదు. మరి తేడా ఎందుకు? ఒప్పుకున్న కుటుంబాలు ఎక్కువగా కాస్త ఉన్నవాళ్లవి. శుభ్రమైన ఇళ్లలో పెరిగిన పిల్లలకి, తల్లి నుంచి వచ్చిన రక్షణ ఉండగానే పసితనంలో వైరస్ తగలడం తక్కువ. అందుకే తర్వాత పోలియో ముప్పు వాళ్లకే ఎక్కువ. 28ని 46తో పోల్చి ఉంటే టీకా బలం చాలా తక్కువగా కనిపించేది. ఫార్ములా కరెక్టే, పోలికే తప్పు.

ఇప్పుడు మన మినీ ప్రాజెక్టులు చూద్దాం. ‘రాత్రి చదివితే మార్కులు ఎక్కువొస్తాయా?’ అని ఒక గూగుల్ ఫామ్ సెక్షన్ వాట్సాప్ గ్రూప్‌లో పడుతుంది. ఫ్రెండ్స్, రూమ్‌మేట్స్ నింపుతారు. రాత్రి చదవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్లు ఎంచుకున్నదే. తర్వాత పీపీటీలో పీ-వేల్యూ బోల్డ్‌లో మెరుస్తుంది. పుస్తకంలో లెక్క ఇచ్చినాయన ర్యాండమ్‌ని ఫ్రీగా ఇచ్చేస్తాడు. బయట దాన్ని మనమే కష్టపడి తెచ్చుకోవాలి.

‘మనం కోడింగ్ వాళ్లం, ఇదంతా ఎందుకు’ అంటారేమో. యాప్‌లో కొత్త బటన్ సగం మందికే చూపించి చేసే ఏ/బీ టెస్ట్ ఇదే కదా. ఎవరు ఏది చూడాలో యూజర్లకే వదిలేస్తే ఆ టెస్ట్ దేనికీ పనికిరాదు.

అందుకే మిడ్ పేపర్లో బంతుల లెక్క ఒకటి తగ్గించినా ఫర్వాలేదు, ఒక సర్వే ఇచ్చి ‘ఇక్కడ ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో ఎవరు నిర్ణయించారు?’ అని ఐదు మార్కులకి అడగాలి. కాలిక్యులేటర్ అక్కర్లేని ప్రశ్న. డిగ్రీ అయ్యాక రోజూ పనికొచ్చేది మాత్రం అదే.