బెంచి మీది గ్రెనింజా

ఫోన్లో ఆడే పోకెమాన్ టీసీజీ పాకెట్‌లో ఖరీదైన ఈఎక్స్ కార్డులున్నవాళ్లదే గెలుపని ఇక్కడ సూరత్‌లో మా క్లాసులో చాలామంది నమ్మకం. అందుకే ప్యాకులకని ఇంట్లో డబ్బులడుగుతారు. నేనొప్పుకోను. గ్రెనింజానే చూడండి. ఈఎక్స్ కాదు, పడిపోయినా ప్రత్యర్థికి ఒక్క పాయింటే. కానీ వెనక బెంచి మీద కూర్చునే, మన వంతు వచ్చినప్పుడల్లా ఒకసారి, ఎదుటివాళ్ల ఏ పోకెమాన్‌కైనా 20 డ్యామేజీ ఇస్తుంది. ఎనర్జీ కూడా అక్కర్లేదు. చాలామంది ఆ దెబ్బను ఆలోచించకుండా ముందున్న కార్డు మీదే వేసేస్తారు. దాన్ని పడగొట్టడానికి మన దాడి చాలుతుంటే ఆ 20 ఎందుకు వృథా? ఫ్రోకీని రెండు మెట్లు పెంచి గ్రెనింజాను చేయడానికి కాస్త అదృష్టం కావాలి, నిజమే. అదయ్యాక లెక్క మనది. దెబ్బలు తిని బెంచికి పారిపోయిన ఈఎక్స్‌ను ఆ 20తో పడగొడితే రెండు పాయింట్లు. గెలవడానికి కావాల్సినవి మూడే.