గ్రహణం చూడాలా, ఫోటో తీయాలా?

"ఫోటోలు మానేసి ఆ క్షణంలో జీవించండి" అనే ఉపదేశం ఈ మధ్య తరచుగా వింటున్నాం. చెప్పేవారిలో బాబాలూ ఉన్నారు (తమ ప్రవచనాలను మాత్రం నాలుగు కెమెరాలతో తీయించుకుంటారు), మన హేతువాద మిత్రులూ ఉన్నారు. బాబాల సంగతి సరే. మనవాళ్ళు చెప్పినప్పుడైనా ఆధారం ఏమిటని అడగాలి కదా?

ఆధారం కొంత ఉంది. అమెరికాలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఫోటో తీసినవారికి, ఊరికే చూసినవారికంటే వాటి వివరాలు తక్కువ గుర్తున్నాయి. అందరూ ఇంతవరకే చెప్పి ఆపుతారు. అదే ప్రయోగంలో, వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం తగ్గలేదు. 2017లో మరో బృందం, తమకు నచ్చినవి ఎంచుకుని ఫోటో తీసినవారికి చూసినవి ఎక్కువగా, విన్నవి తక్కువగా గుర్తుంటాయని తేల్చింది. అంటే ఒక ఖాతాలో జమ, ఇంకో ఖాతాలో ఖర్చు. రక్షణ శాఖ లెక్కల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన నాకు, ఖర్చు పద్దు ఒక్కటే చూపించి ఫైలు మూసేస్తామంటే ఒప్పుకోబుద్ధి కాదు.

మన గుంటూరు సంగతే చూడండి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడ వర్ణపటదర్శినికి కన్ను ఆనించి కూర్చున్నాడు. అదే ఊళ్ళో టెనెంట్ అనే బ్రిటిష్ సైనికాధికారి బృందం గాజు పలకల మీద ఫోటోలు తీసింది. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలు వాయువులేనని చెప్పింది కంటితో చూసిన వర్ణపటం. వాటి ఆకారం నిలిచింది ఫోటోల్లో. ఇందులో ఏది దండగ?

వ్యవధి కూడా లెక్కలోకి రావాలి. 1980 ఫిబ్రవరి 16న తెలంగాణ మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగినప్పుడు నేను బీకాం విద్యార్థిని. సంపూర్ణ దశ రెండు మూడు నిమిషాలే. అంత కొద్ది సేపట్లో కెమెరా సర్దుకుంటూ కూర్చునేవాణ్ణి చూస్తే ఎవరైనా జాలిపడాల్సిందే. కానీ 2025 సెప్టెంబర్ 7 రాత్రి చంద్రుడు 82 నిమిషాలు సంపూర్ణ గ్రహణంలో ఉన్నాడు. ఫోటోకి ఒక నిమిషం పోతే ఇంకా 81 మిగులుతాయి!

ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ మేడ మీదికి వచ్చినవాళ్ళం తొమ్మిది మందిమి. ఉన్న ఇళ్ళు నలభై. మిగతావారు గ్రహణం పట్టకముందే భోజనాలు ముగించి, ఊరగాయ జాడీల మీద దర్భలు పెట్టి, తలుపులు బిగించుకున్నారు. పైకి వచ్చిన నలుగురు కుర్రాళ్ళను మా సంఘ సభ్యుడొకాయన "ఫోన్లు లోపల పెట్టి కళ్ళతో చూడండ్రా" అని కసిరారు. నాకు ఒళ్ళు మండింది. మెట్లెక్కని ముప్పైకి పైగా ఇళ్ళవాళ్ళను వదిలేసి, ఎక్కి వచ్చినవాళ్ళను కసరడమేమిటి?

ఆ నలుగురిలో ఒకడి అక్క ఏడు నెలల గర్భిణి. వెలుతురు సోకకూడదు, కదలకుండా పడుకోవాలి అని ఆమెను కిటికీలు మూసిన గదిలో ఉంచారు. వాళ్ళమ్మతో నేను ముందురోజే మాట్లాడాను. "చెప్పడానికేం అన్నయ్యగారూ, రేపు ఏదైనా అయితే మీరొచ్చి చూస్తారా?" అంది. మబ్బుల సందులో చంద్రుడు దొరికినప్పుడు కుర్రాడు ఫోటో తీసి అక్కకి పంపాడు. కందిగింజంత మసక మచ్చ. వెంటనే జవాబు వచ్చింది: "ఇంకోటి తీయరా, కొంచెం దగ్గరగా."

వాడు జూమ్ చేసి మళ్ళీ మబ్బు తొలగేదాకా అలాగే పైకి చూస్తూ నిలబడ్డాడు.