ఒకసారి వేడెక్కి ఆగిన మోటారును నమ్మి బోటు దించకండి

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో బోటు నడిపేవాళ్లకు, ఎక్కేవాళ్లకు, వరద కోసమని బోట్లు సిద్ధం చేసి పెట్టుకున్న అధికారులకు ఒక హెచ్చరిక. నడుస్తూ నడుస్తూ వేడెక్కి ఆగిపోయిన ఔట్‌బోర్డ్ మోటారు చల్లారాక మళ్లీ స్టార్టయితే, అది బాగుపడిందని అనుకోకండి. లోపల ఏదో చెడిందనడానికి అలా వేడెక్కి ఆగడమే మొదటి గుర్తు. అంతకుముందున్న ఊపు తగ్గిందంటే రెండో గుర్తు కూడా వచ్చేసినట్టే. మూడో గుర్తు నడినీళ్లలో కనబడుతుంది. అప్పుడు చేయగలిగింది ఏమీ మిగలదు.

2025 ఆగస్టు 27, 28 తేదీలను కామారెడ్డి జిల్లా ఇప్పట్లో మరచిపోదు. రాజంపేట మండలం ఆర్గొండలో ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. కామారెడ్డి పట్టణంలో జీఆర్ కాలనీ మునిగింది. 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది. ఎల్లారెడ్డి మండలం బొగ్గుగుడిసె దగ్గర వరద మధ్యలో చిక్కుకున్న కూలీలను విపత్తు దళం వాళ్లు ఒడ్డుకు చేర్చారు. రోడ్లు తెగి, లారీలు, ట్రాక్టర్లు కదలలేని వేళ మనిషికి, చావుకు మధ్య నిలిచేది బోటు, దాని వెనక బిగించిన మోటారు. ఆ మోటారు మీద మనం పెట్టే శ్రద్ధ ఏపాటిదో ఒక్కసారి ఆలోచించండి.

ఇక్కడ ఒక సంగతి తెలియాలి. ఔట్‌బోర్డ్ బోటుకు వేరే చుక్కాని ఉండదు. మోటారును అటూ ఇటూ తిప్పితే, ప్రొపెల్లర్ తోసే నీటి వాలుకే బోటు తిరుగుతుంది. మోటారు ఆగితే వేగంతో పాటు దారి తిప్పే ఉపాయం కూడా పోతుంది. ప్రవాహంలో బోటు అడ్డం తిరుగుతుంది. వంతెన స్తంభానికి అడ్డంగా తగిలితే బోర్లా పడుతుంది. నిజాంసాగర్ గేట్లు ఎత్తినప్పుడు కట్ట దగ్గర నీటి లాగుడు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడ మోటారు అర నిమిషం మొరాయించినా చాలు, ప్రాణం మీదికి వస్తుంది.

మోటారు ఎందుకు వేడెక్కుతుంది? కారుకున్నట్టు దీనికి రేడియేటర్ లేదు. చెరువు నీళ్లే దీన్ని చల్లబరచాలి. నీటిలో మునిగి ఉండే కింది భాగంలో ఒక పంపు ఉంటుంది. అందులో ఇంపెల్లర్ అనే రబ్బరు రెక్కల చక్రం తిరుగుతూ నీటిని పైకి తోస్తుంది. ఆ నీరు ఇంజిన్ చుట్టూ తిరిగి వేడిని లాక్కుని బయటికి పోతుంది. అందులో కొంత నీరు మోటారు పక్కనున్న చిన్న రంధ్రం గుండా సన్నని ధారగా చిమ్ముతుంది. ఆ ధార మోటారుకు నాడి లాంటిది. నడిపే మనిషి చెయ్యి థ్రాటిల్ మీద, చూపు మాటిమాటికీ ఆ ధార మీద ఉండాలి.

మన నీళ్లలో ఆ ధారను అడ్డుకునేవి చాలా ఉన్నాయి. నాచు ఉంది, గుర్రపు డెక్క ఉంది, తెగిన నైలాన్ వల ముక్కలున్నాయి. జాతర తరవాత, నిమజ్జనం తరవాత తేలే పాలిథిన్ కవర్లున్నాయి. ఒక్క కవరు నీరు పీల్చే జల్లెడకు అతుక్కుంటే చాలు, నీరు లోపలికి పోదు. మంజీర వరద నీటిలో సన్నటి ఇసుక ఉంటుంది. అది పంపు లోపలి గోడలను గీరేస్తుంది. పైకి మోటారు బాగానే కనిపిస్తుంది గానీ నీరు తోసే బలం రోజురోజుకూ తగ్గిపోతుంది.

ఏడాదంతా షెడ్డులో పడి ఉన్న మోటారుకు ఇంకో గండం ఉంది. కదలకుండా ఉంటే రబ్బరు రెక్కలు ఒకే పక్కకు వంగి, అలాగే గట్టిపడిపోతాయి. స్టార్ట్ చేయగానే చిట్లి రాలిపోతాయి. నీరు చిమ్మాల్సిన రంధ్రంలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉండొచ్చు. అవసరం పడ్డ రోజు హడావిడిగా బోటు దింపుతారు. ధార రాదు. ‘కాసేపట్లో వస్తుందిలే’ అని ముందుకు పోతారు. అక్కడే కొంప మునుగుతుంది.

ఈ గుర్తుల్లో ఏ ఒక్కటి కనిపించినా ఉపేక్షించకండి. ధార సన్నబడుతుంది, ఆగి ఆగి వస్తుంది. ధారకు బదులు ఆవిరి వస్తుంది. మోటారు హెచ్చరిక కూత వినిపిస్తుంది. థ్రాటిల్ ఎంత తిప్పినా మోటారు వేగం అందుకోదు. కాలుతున్న పెయింటు వాసన వస్తుంది. మూత తీసి చూస్తే సిలిండర్ తల మీద రంగు పొక్కి ఉంటుంది. చాలా కొత్త మోటార్లు వేడెక్కగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అది ఇంజిన్‌ను కాపాడే ఏర్పాటు. దాన్ని లోపమనుకుని, వైర్లు పీకి ‘సరిచేసే’ వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, చేయనివ్వకండి. పాత చిన్న మోటార్లలో చాలావాటికి కూతా లేదు, ఆ ఏర్పాటూ లేదు. వాటికి మీ కళ్లే కాపలా.

నీటి మీద ఉండగా వేడెక్కితే ఏం చేయాలి? వెంటనే థ్రాటిల్ తగ్గించి న్యూట్రల్‌లోకి తెండి. ధార లేకుంటే ఇంజిన్ ఆపేయండి. లంగరు వేయండి, లేదా తెడ్లు అందుకుని ఒడ్డు పట్టండి. ఇంజిన్ ఆగిందని నిర్ధారించుకున్నాకే మోటారు పైకెత్తి, నీరు పీల్చే జల్లెడ మీదున్న చెత్త తీయండి. కాలుతున్న ఇంజిన్ మీద చల్లటి నీళ్లు గుమ్మరించకండి, లోహం పగులుతుంది. చల్లారాక స్టార్ట్ చేసినప్పుడు ధార నిండుగా వస్తేనే నెమ్మదిగా తిరిగి రండి. ముందుకు మాత్రం వెళ్లకండి. ఇంకో ట్రిప్పు వేయకండి.

ఒడ్డుకు వచ్చాక అసలు పని మొదలవుతుంది. శక్తి ఎందుకు తగ్గిందో ఒక వరసలో చూడాలి. ముందు ధార రంధ్రాన్ని దళసరి నైలాన్ దారంతో శుభ్రం చేయండి. తరవాత పంపు విప్పించండి. ఇంపెల్లర్ రెక్కలు లెక్కపెట్టండి. ఒక్కటి తగ్గినా ఆ ముక్క పైనున్న నీటి దారిలో ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వెతికి తీయకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే లాభం లేదు, మోటారు మళ్లీ వేడెక్కుతుంది. ఆ తరవాత, వేడిని బట్టి నీటి దారి తెరిచే థర్మోస్టాట్. గిన్నెలో నీళ్లు పోసి, అది వేసి కాచండి. వేడి పెరిగేకొద్దీ తెరుచుకోవాలి. మూసుకునే ఉంటే పారేసి కొత్తది వేయండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఊపు లేదంటే లోపల దెబ్బ తగిలి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్గులు తీసి చూడండి. కొన మీద మెరిసే లోహపు నలుసులుంటే పిస్టన్ కరిగిందని అర్థం. మిగతావాటికంటే ఒక్క ప్లగ్గు మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ సిలిండర్లోకి నీరు పోతోందని అనుమానించాలి. మెకానిక్‌తో ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలిపించండి. ఒకదానికి, మరోదానికి పది శాతానికి మించి తేడా ఉంటే రింగులు పట్టేశాయో, హెడ్ గ్యాస్కెట్ కాలిందో చూడాల్సిందే. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ కంప్రెషన్ తగ్గితే ముందు గ్యాస్కెట్‌నే అనుమానించాలి. ఫోర్ స్ట్రోక్ మోటారైతే ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ పాలలా తెల్లబడితే అందులో నీరు కలిసినట్టే. ఇంజిన్ గట్టిగా అరుస్తున్నా బోటు కదలకపోతే ఒకసారి ప్రొపెల్లర్ మధ్యనున్న రబ్బరు బుష్ కూడా చూడండి. అది జారినా అచ్చం ఇంజిన్‌కు బలం తగ్గినట్టే ఉంటుంది.

టూ స్ట్రోక్ మోటారు వాడేవాళ్లు ఆయిల్ విషయంలో పొదుపు చేయకండి. చాలా మోటార్లకు లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ పడాలి. మీ మోటారు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత కలపండి. ఆయిల్ తగ్గితే నీళ్లు ఎంత బాగా తిరిగినా పిస్టన్ పట్టేస్తుంది. నిరుటి పెట్రోలు వాడకండి. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో నిల్వ ఉంటే నీరు అడుగుకు చేరుతుంది. వరద రోజున ఇంజిన్‌లోకి ముందు పోయేది ఆ అడుగునీరే.

అధికారులకు, అగ్నిమాపక సిబ్బందికి, పంచాయతీ పెద్దలకు ఒక విన్నపం. రికార్డులో ‘బోటు ఉంది’ అని రాసుకుంటే సరిపోదు. మృగశిర కార్తె రాకముందే మోటారును నీటిలో దింపి, బరువుతో అరగంట నడిపి చూడండి. పొడి నేల మీద స్టార్ట్ చేసి ‘పని చేస్తోంది’ అనకండి. నీరు లేకుండా తిరిగితే కొద్ది క్షణాల్లోనే ఇంపెల్లర్ కాలిపోతుంది. పరీక్ష పేరుతో మీరే మోటారు పాడు చేసినవారవుతారు. ఏటా ఇంపెల్లర్ మార్పించండి. విడిగా ఇంకో ఇంపెల్లర్, థర్మోస్టాట్, ప్లగ్గులు, షియర్ పిన్నులు బోటులోనే ఉంచండి. మోటారు ఎప్పుడు వేడెక్కిందో, ఏం మార్చారో ఒక పుస్తకంలో రాయండి. డ్యూటీ మారినప్పుడు తరవాత వచ్చే మనిషికి ఆ సంగతి తెలియాలి. తెలియక ఆ మోటారు మీదే పది మందిని ఎక్కించుకుంటే ఆ తప్పు ఎవరిది?

బోటు ఎక్కే అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కూడా వినండి. నిజాంసాగర్ చూడటానికి పిల్లలతో వెళ్తారు. ఎక్కే ముందు మోటారు పక్కన ధార వస్తోందా చూడండి. రాకపోతే అడగండి. ‘ఇందాక కాస్త వేడెక్కింది, ఇప్పుడు బాగుంది’ అని జవాబొస్తే దిగిపోండి. టికెట్టు డబ్బులు పోతే పోనీయండి. తెడ్లు, తాడు, లంగరు లేని బోటు ఎక్కకండి. లైఫ్ జాకెట్ ఒంటికి తొడిగి బకిల్స్ బిగించుకోండి. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు బతికి బయటపడ్డవారిలో చాలామంది జాకెట్ వేసుకున్నవారే. సీటు కింద దాచిన జాకెట్ ఎవరినీ కాపాడదు.

బోటు నడిపే తమ్ముళ్లారా, మీ కష్టం తెలియక చెబుతున్న మాటలు కావివి. సీజన్‌లో ఒక్క రోజు మోటారు ఆగినా ఇంట్లో ఇబ్బందే. అయినా ఇంపెల్లర్ ఖర్చు పూర్తి ఇంజిన్ ఖర్చులో ఒక మూలకు కూడా రాదు. మనిషి ప్రాణానికి అసలు లెక్కే లేదు. వేడెక్కిన మోటారును విప్పి చూసేదాకా ఎవరినీ ఎక్కించుకోకండి. యజమాని తొందరపెట్టినా, పర్యాటకులు గొడవ చేసినా కాదని చెప్పండి. ఆ మాట చెప్పిన మనిషికి ఊరంతా అండగా నిలవాలి. వానలు ముంచుకొచ్చేలోగా, ఈ వారంలోనే, మీ మోటారు మూత తీయండి.