పాత బుల్లెట్టుకు కొత్త సైలెన్సరు

1955లో మద్రాసులో కూర్పు మొదలయిన 350 సి.సి. బుల్లెట్టు మోటారు సైకిలును తండ్రి తరువాత కొడుకు నడిపే ఇళ్ళు మన సభ్యులలో కొన్ని వున్నవి. బండి చేతికి రాగానే కుర్రవాళ్ళు రెండు పనులు చేస్తారు. పాత సైలెన్సరు తీసి, పొగను ధారాళంగా వదిలేది బిగిస్తారు. గాలి ఫిల్టరు డబ్బా తీసేసి, శంకువు వంటి చిన్న ఫిల్టరు తగిలిస్తారు. మోత పెరిగింది గనుక బలమూ పెరిగిందనుకుంటారు. అక్కడే మేము ఒక మాట చెప్పదలచుకున్నాము.

తూకంలో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళు గాలి వుంటే పెట్రోలు పూర్తిగా మండుతుంది. గాలి రాకకూ పొగ పోకకూ అడ్డు తగ్గితే ఆ పాళం చెడుతుంది. గాలి హెచ్చుతుంది, కార్బురేటరులోని జెట్టు రంధ్రం మాత్రం పాతదే. మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటరు వదలగానే సైలెన్సరులో టపటపమని పేలటం, తిప్పగానే బండి ఒక క్షణం తడబడటం, ఇంజను మామూలు కంటె వేడెక్కటం దీని గుర్తులు. ఉపేక్షిస్తే, నిండు వేగంలో పిస్టను సిలిండరుకు పట్టుకుపోయి వెనుక చక్రం బిగుసుకోవచ్చు. వెనుక సీటు మీద ఇంటివారు వుంటారని మరువరాదు.

మొదట వాల్వుల సందు, ఇగ్నిషను టైమింగు సరిచూడాలి. కార్బురేటరు బిగింపు వద్ద గాలి దూరటం లేదని రూఢి చేసుకోవాలి. ఇవి సరిగా లేకుండా జెట్లు మార్చటం వృథా శ్రమ.

ఈ బళ్ళలో చాలావాటికి వున్న మిక్‌కార్బ్ కార్బురేటరులో యాక్సిలరేటరు చివరి పావు భాగాన్ని మెయిన్ జెట్టు, నడిమి భాగాన్ని సూది, మొదటి భాగాన్ని పైలట్ జెట్టు, గాలి స్క్రూ ఏలుతాయి. కనుక మెయిన్ జెట్టుతోనే మొదలుపెట్టాలి. నంబరు పెరిగితే రంధ్రం పెద్దది. ముందు కాస్త పెద్దది వేసి, ఒక్కొక్క మెట్టు దిగి రావటం క్షేమం. తరువాత సూది. దాని క్లిప్పును ఒక గాడి కిందికి దింపితే సూది పైకి లేచి పెట్రోలు హెచ్చుతుంది. చివరకు ఇంజను బాగా వేడెక్కాక గాలి స్క్రూను సర్దాలి. లోపలికి బిగిస్తే మిశ్రమం చిక్కబడుతుంది. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు ఒకేమారు చేస్తే గుణం దేనివల్ల వచ్చిందో తెలియదు.

సాక్ష్యం చెప్పేది స్పార్కు ప్లగ్గు. జనం లేని దారిలో నిండుగా తిప్పి కొంతదూరం నడిపి, క్లచ్చి పట్టి వెంటనే ఇంజను ఆపి, బండి నిలిచాక ప్లగ్గు విప్పి చూడండి. తెల్లగా వుంటే మిశ్రమం పలచన. మసిబొగ్గులా నల్లగా వుంటే చిక్కన. కాఫీపొడి రంగు వుంటే పాళం కుదిరినట్లే. వైద్యుడు నాలుక చూచినట్లే ఇదీను.

ఇంకొకటి. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద, మోత హద్దు మీరితే మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. కార్బురేటరు ఎంత చక్కగా కుదిరినా ఈ బాధ తీరదు. అందుచేత పాత సైలెన్సరును, ఫిల్టరు డబ్బాను పాత సామాన్ల వానికి అమ్మకండి. పాత జెట్టును కూడా నంబరు రాసిన కాగితంలో చుట్టి వాటితోనే దాచండి. మనసు మారిననాడు మూడూ కలిసి తిరిగి ఎక్కవలసినవే.