ఫైలు పలికిన సాక్ష్యము

అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన దినములలో ఒకనాడు దీపములు పెట్టు వేళకు మా వీధిలోని యొక యిల్లాలు మా యింటికి వచ్చెను. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. చీర చెఱగు ముడి విప్పి, చిటికెనవ్రేలంత పెన్‌డ్రైవు నొకదానిని మా చేతిలో పెట్టి, "అప్పా! ఈ పీడను నాగావళిలో పారవేసి వచ్చెదను. ఎవరైన నడిగినచో మీరు చూడలేదని చెప్పవలెను" అనెను.

సంగతి మా చెవిని అప్పటికే పడియుండెను. మా స్టేషను పలక మీద 'శ్రీకాకుళం రోడ్డు' అని యుండునే గాని ఊరు ఆమదాలవలస. ఇచ్చటికి రైలు ఆలస్యముగా రావచ్చును గాని మాట ఆలస్యముగా రాదు. ఆమె కుమారుడు పదవ తరగతి చదువుచున్నాడు. వారి పాఠశాలలో కంప్యూటరులో వ్రాసి యుంచిన మార్కుల పట్టికలో నలుగురు బాలుర లెక్కల మార్కులు పెరిగియుండెను. ఎవరో దొంగతనముగా ప్రవేశించి మార్చిరని గగ్గోలు పుట్టెను. విద్యార్థులు పని నేర్చుకొను గదిలోని కంప్యూటర్లను వెదకగా, ఒకదానిలో ఈ పిల్లవాని పేరుగల ఫోల్డరులో 'మార్కులు' అను పేరుతో ఒక ఫైలు కానవచ్చెను. అది వట్టి కాగితమువంటి ఫైలు కాదు, నడిపినచో పనిచేయు ప్రోగ్రాము. ఇంకేమి కావలెను? మఱునాడు తండ్రిని వెంటబెట్టుకొని రమ్మని ప్రధానోపాధ్యాయులు చీటి పంపిరి. తండ్రి డ్యూటీపై వేరొక యూర నుండెను.

పెన్‌డ్రైవును మేము తిరిగి యీయలేదు. మరకపడిన బట్టను వెంటనే జాడించుట మన చేతుల కలవాటు. కాని యిట్టి చోట జాడించుటయే కీడు. కంప్యూటరులో ఫైలును చెరిపివేసినంత మాత్రమున అది మాయమైపోదు. దాని పేరు మాత్రము పట్టికనుండి తొలగును. దాని చోటున వేరొకటి వచ్చి కూర్చుండువరకు లోపలి సరకు చాలవరకు అట్లే యుండును, తెలిసినవారు దానిని వెలికి తీయగలరు. అప్పుడు ఫైలుకంటె దానిని చెరిపిన సంగతియే పెద్ద నేరముగా కానవచ్చును. తెరచి చూచుటయు మంచిది కాదు. అది విషపుదైనచో ఉన్న కంప్యూటరునకు సోకును. సోకకున్నను, ఎప్పుడు తెరచిరి, ఎప్పుడు మార్చిరి అను గుర్తులు చెదరిపోవును. ఆ రాత్రి పెన్‌డ్రైవును ఒక కవరులో పెట్టి అంటించి, పైన తేదీయు వేళయు వ్రాసి, ఆమెచేత సంతకము చేయించి బీరువాలో నుంచితిమి. ఇంతపాటి జాగ్రత్త మన పెద్దలు బంగారపు తాకట్టు విషయమున చూపుచుండినదే.

మా మేనకోడలు విశాఖపట్టణములో నొక కళాశాలయందు కంప్యూటరు శాస్త్రము బోధించుచున్నది. ఫోను చేయగా మఱునాటి ఉదయమే బయలుదేరి వచ్చెను. మేము ముగ్గురమును పాఠశాలకు పోయితిమి. ప్రధానోపాధ్యాయులు మొదట మొగము చిట్లించిరి గాని అడ్డుచెప్పలేదు. ఆయన దుర్మార్గులు కారు. పాఠశాల పేరు బజారున పడునను భయము ఆయనను వేధించుచుండెను. భయపడిన వానికి ప్రతిదియు సాక్ష్యమువలెనే కానవచ్చును గదా! దానికి నిదర్శనము అక్కడనే చూచితిమి. ఆ ఫైలు పుట్టిన తేదీగా కంప్యూటరు 2012 జనవరి 1 అని చూపుచుండెను. ఆనాటికి ఈ పిల్లవాడు ఉయ్యాలలో నుండెను. అది చూచి యెవరికైన సందేహము కలుగవలసినది. కాని కంప్యూటరు ఉపాధ్యాయుడు, "చూడుడు, పట్టుబడకుండుటకై తేదీని గూడ మార్చినాడు, ఎంత గడుసువాడో!" అనెను.

మా మేనకోడలు మాట యాడలేదు. ఆ కంప్యూటరును కట్టించి, తీగ తీయించి, మరల పెట్టించి వేయించెను. గడియారము మరల 2012 జనవరి 1వ తేదీనే చూపెను. కంప్యూటరు లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ యొకటి యుండును. కరెంటు లేనప్పుడు కూడ గడియారమును నడపునది అదియే. అది చచ్చినచో కరెంటు పోయి వచ్చినపుడెల్ల గడియారము తన పాత తేదీకి పోయి కూర్చుండును. ఆ గదిలోని తొమ్మిదింటిలో నాలుగింటి గడియారములు అట్లే యుండెను. వాని చేత తేదీ వేయించుకొన్న ప్రతి ఫైలును అబద్ధపు జాతకముతోనే పుట్టును. ఉపాధ్యాయుడు గోడవైపు చూచెను.

తరువాత ఆమె ఫైలును తెరువక, దాని ప్రతిని మాత్రము తీసికొని, ఇంటర్నెట్టుతోగాని ఇతర కంప్యూటర్లతోగాని సంబంధము లేని తన పాత యంత్రములో నుంచెను. వంటింటి డబ్బా మీద 'పంచదార' అని వ్రాసియున్నంత మాత్రమున లోపల ఉప్పుండరాదా? ఫైలు సంగతియు అంతే. విండోసు యంత్రములలో ఫైలు పేరు చివరనుండు తోకను తెరపై కనబడకుండ దాచుట వాడుక. కాబట్టి పేరులో పీడీఎఫ్ అనియు చివర ఈఎక్స్ఈ అనియు నున్నచో మనకు పీడీఎఫ్ మాత్రమే కానవచ్చును. 2000 సంవత్సరము మే నెలలో ప్రేమలేఖ యని చెప్పుకొని లోకమంతయు తిరిగిన వైరసు ఇట్టి దొంగ తోకతోనే జనులను మోసగించినది. పేరును గాని బొమ్మను గాని నమ్మక లోపలి మొదటి అక్షరములను చూచుట పరీక్షకుల పద్ధతి. విండోసులో నడచు ప్రోగ్రామునకు మొదటి రెండక్షరములు ఎం, జెడ్. పీడీఎఫ్ కాగితమునకైనచో శాతపు గుర్తును, దాని వెంట పీడీఎఫ్ అను అక్షరములును ఉండును. మా ముందున్న 'మార్కులు' అను దానికి ఫోల్డరు బొమ్మ యున్నది గాని లోపల ఎం, జెడ్ యుండెను. అనగా అది సంచి వేషము వేసికొన్న ప్రోగ్రాము.

ఇంతవరకు పిల్లవానికి వ్యతిరేకముగనే యున్నది. తల్లి చెఱగు నోటిలో క్రుక్కుకొని నిలిచియుండెను.

అప్పుడు మా మేనకోడలు మరియొక పని చేసెను. ప్రతి ఫైలునకు లెక్కకట్టి తీయదగిన వ్రేలిముద్రవంటి దొకటి కలదు. దానిని హ్యాష్ అందురు. వాడుకలోనున్న యొక పద్ధతి ప్రకారము అది అంకెలు, అక్షరములు కలిసిన 64 గుర్తుల వరుస. లోపల ఒక్క చుక్క మారినను వరుస యంతయు మారిపోవును. పైపేరు మార్చినచో మాత్రము మారదు. తరగతిలోని పిల్లల పెన్‌డ్రైవులను తెప్పించి చూడగా పదకొండింటిలో ఇట్టి ప్రోగ్రాములే బయటపడినవి. ఒకదానిలో దాని పేరు 'పాటలు', ఒకదానిలో 'జీవశాస్త్రము', కంప్యూటరు ఉపాధ్యాయుని స్వంత పెన్‌డ్రైవులో 'జీతము'. అన్నింటి ముద్రయు ఒక్కటే! అది యొక పాత పురుగు. పెన్‌డ్రైవులో చొచ్చి, అచ్చటనున్న అసలు ఫోల్డర్లను దాచి, వాని పేర్లే తాను పెట్టుకొని కూర్చుండును. ఫోల్డరనుకొని నొక్కినవారి కంప్యూటరునకు అంటుకొనును. మన పిల్లవాడు తన మార్కులు వ్రాసికొనుటకు 'మార్కులు' అను ఫోల్డరు పెట్టుకొనుటయే వాని కర్మము. 'పాటలు' అని పెట్టుకొన్నవాని నెవరు అనుమానించిరి?

ఇట్టి పురుగులు మనవంటి చిన్న యూళ్ల జోలికి రావనుకొనరాదు. 2017 మే 12వ తేదీన 'వన్నాక్రై' అను వైరసు పుట్టి నూటయేబది దేశములకు ప్రాకెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లును కొన్ని దాని వాత పడినవి. వానిలో మన శ్రీకాకుళము జిల్లావియు నున్నవని నాటి పత్రికలు వ్రాసినవి. దానిని ఆపిన విధము వినదగినది. ఇంగ్లండులో మార్కస్ హచిన్స్ అను యువకుడు ఆ ఫైలును విడిగా నుంచి పరీక్షింపగా, అది పనిచేయుటకు ముందు అర్థము పర్థము లేని యొక వెబ్ చిరునామాను పిలుచుచున్నట్లు కనబడెను. ఆ చిరునామా అప్పటికెవ్వరిదియు కాదు. అతడు కొలది డాలర్లు చెల్లించి దానిని తన పేర నమోదు చేసికొనెను. పిలిచిన చోటినుండి బదులు రాగానే వైరసు నిలిచిపోయెను! నాడు అతనికి ఇరువది రెండేండ్లు. ఐనను అదే సంవత్సరము ఆగస్టులో అమెరికాలో అతనిని పట్టుకొనిరి. అంతకు కొన్నియేండ్లకు ముందు బ్యాంకు సొమ్ము దొంగిలించు ప్రోగ్రామును అతడే వ్రాసియుండెను. 2019లో నేరము నొప్పుకొనెను. న్యాయాధిపతి అతడు పిదప చేసిన మేలును గుర్తించి మరల చెరసాలకు పంపలేదు. ఈ సంగతిని మేము ఆ తల్లికి చెప్పినపుడు, మొదటి సగము వినినంతసేపు ఆమె ముఖము వికసించెను, రెండవ సగమునకు వాడిపోయెను.

అంతకంటె మనకు దగ్గరి సంగతి 2023 మార్చిలో జరిగినది. తెలంగాణ పబ్లిక్ సర్వీసు కమిషనువారు తమ కంప్యూటర్లలోనికి ఎవరో చొరబడిరను అనుమానముతో పరీక్షలను వాయిదా వేసిరి. పోలీసులు యంత్రములను పరీక్షించిన మీదట, దొంగలు బయటివారు కారనియు, కార్యాలయములో పనిచేయువారే ప్రశ్నపత్రములను పెన్‌డ్రైవులోనికి ఎక్కించుకొని పోయిరనియు అభియోగము మోపిరి. 2022 అక్టోబరులో లక్షలమంది వ్రాసిన గ్రూపు-1 ప్రాథమిక పరీక్ష రద్దయ్యెను. హ్యాకింగనగానే మన కన్నులకు తోచునది చీకటిగదిలో కూర్చున్న మాయావి. తాళపుచెవి యున్న యింటివానిని మనము చూడము.

మా పాఠశాలలోను తాళపుచెవి బయటనే యుండెను. మార్కుల పట్టిక కార్యాలయములోని వేరొక కంప్యూటరులో నున్నది. దాని పాస్‌వర్డును కాగితముపై వ్రాసి కీబోర్డు క్రింద అంటించియుంచిరి. మార్పులు జరిగినది పట్టపగలు, భోజనపు బెల్లు కొట్టిన తరువాత, తరగతి ఉపాధ్యాయుని పేరుతో. ఆయన ఆ వేళ ఊరిలోనే లేరు. ఆ కాగితము నెఱిగిన వారెవరైనను చేసియుండవచ్చును. పురుగునకును ఈ పనికిని సంబంధమే లేదు.

కథ ఇంతటితో ముగిసినచో ఎంతయో బాగుండెడిది. ఆ రాత్రి తల్లి అన్నము వడ్డించుచుండగా పిల్లవాడు కంచము ముందు తలవంచుకొని, తానును ఆ కాగితమును చూచితిననియు, ఒకమారు పట్టిక తెరచి తన మార్కులు చూచుకొంటిననియు, ఒక్క అంకెనైనను మార్చలేదనియు చెప్పెను. ఆమె మరల మా గుమ్మము లోనికి వచ్చెను. "ఇప్పుడు నిర్దోషి యనిరి గదా అప్పా, ఈ మాట కడుపులో పెట్టుకొందునా?"

మాకు వెంటనే బదులు తోచలేదు. అనుమతి లేక ఇతరుల కంప్యూటరులో ప్రవేశించుట 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున తప్పే. దురుద్దేశముతో చేసినచో మూడేండ్లవరకు శిక్షగాని, ఐదు లక్షలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. అట్లని పదునెనిమిదేండ్లు నిండని బాలుని పోలీసు లాకప్పులో నుంచరాదని 2015 నాటి బాలన్యాయ చట్టము చెప్పుచున్నది. వాని సంగతి విచారించునది బాలన్యాయ మండలి. పట్టుకొన్న వెంటనే తల్లిదండ్రులకు తెలుపవలెను. ఈ రెండును ఆమెకు చెప్పితిమి. కోర్టు వరకు పోయినచో 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము ప్రకారము ఇట్టి ఫైలుతోపాటు హ్యాష్ ముద్రను గూడ ధ్రువపత్రములో వ్రాయవలసి యుండుననియు, అందుచేత కవరు విప్పవలదనియు మా మేనకోడలు చెప్పెను. నిర్ణయము మాత్రము తల్లిదే. ఆమె కొంతసేపు ఊరకుండి, "వీడు నాతో చెప్పిన మాట నేను దాచినచో, రేపు వీడు నాతో చెప్పడు" అని లేచిపోయెను.

మఱునాడు తల్లీకొడుకులు పోయి ప్రధానోపాధ్యాయులకు ఆ మాట చెప్పిరి. ఆయన చాలసేపు మౌనముగా నుండి, జవాబుపత్రములను బయటికి తీయించి, మార్కులను మరల మొదటినుండి వేయించిరి. నలుగురి మార్కులును యథాస్థానమునకు వచ్చినవి. పిల్లవానివి ముందున్నట్లే యున్నవి. వారము దినములు వాని కంప్యూటరు పాఠము మాన్పించిరి. కీబోర్డు క్రింది కాగితమును చింపివేసిరి. మార్చిన చేయి యెవరిదో ఇది వ్రాయునాటికి తేలలేదు.

పాఠికలలో నిట్టి చిక్కు వచ్చినవారు, సొమ్ము పోయిన సంగతియైనచో ఆలస్యము చేయక 1930 అను నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ నడుమ పెండ్లి శుభలేఖ యనియు, బండి చలానా యనియు ఫోనులకు వచ్చుచున్న ఏపీకే ఫైళ్లను గూర్చి వేరొక నెలలో వ్రాసెదము. అవియు వేషధారులే.

కవరు మా బీరువాలో పట్టుచీరల క్రింద నున్నది. ఆ యిల్లాలు దినమును మా యింటి ముందునుండియే పాలకు పోవుచున్నది. దానిని గూర్చి యామె అడుగలేదు, మేమును ఎత్తలేదు.